బీన్స్ చెట్టు పచ్చగా ఉంది, కాయ మాత్రం లేదు: ఎక్కడ తేడా కొట్టిందో ఇట్లా చూసుకోండి

పలమనేరు, వి.కోట, కుప్పం సైడు టమాటా తీసేసి బీన్స్ పెట్టేవాళ్లు చాలామంది, దిగుబడి రాకపోతే ఇత్తనాన్నో ఎరువునో తిడతారు గానీ చేన్లో మొక్కలెన్నున్నాయో లెక్కపెట్టేవాళ్లు తక్కువ. నేను ముందు చూసేది ఒకటే, పూత మొదలయ్యే టైంకి సాళ్ల మధ్య నేల కనిపిస్తోందా లేదా.

నేల కనిపిస్తోంది, సందుల్లో కలుపు నిండింది

మొక్కలు పల్చబడ్డాయని అర్థం. ఖాళీ చోట ఎండ నేరుగా నేలకి తగిలి కలుపంతా లేస్తాది, పక్క చెట్టు కొమ్మలేసి కొంత పూడుస్తాది గానీ మొత్తం పూడ్చలేదు. పొద రకానికి సాలుకి సాలు మూరెడు, అంటే 45 సెంటీమీటర్లు, మొక్కకి మొక్క 10 సెంటీమీటర్లు, బెత్తెడు కంటే కొంచెం ఎక్కువ. ఈ లెక్కన ఎకరాకి దగ్గర దగ్గర 90 వేల మొక్కలు. టేపు పెట్టి సాల్లో 10 మీటర్లు కొలిచి లెక్కపెట్టండి, 100 దగ్గర ఉండాలి, నాలుగైదు చోట్ల చూసినా 60, 70 ఉంటే కాయ అక్కడే పోయింది. గ్యాపుల్లో ఇత్తనం మొలిచిన వారంలోపే మళ్లీ పెట్టుకోవాల, లేటుగా పెట్టింది నీడలోనే ఉండిపోతాది.

నేల కనపడదు, చెట్టు సాగి పడిపోయింది, లోపల కాయ కుళ్లుతోంది

ఇది ఒత్తు ఎక్కువైన చేను. గాలి ఆడదు, తడి ఆరదు, తెల్ల బూజు, తుప్పు తెగులు వస్తాయి. చాలాసార్లు తీగ రకాన్ని తెచ్చి పొద రకం దూరంలో పెట్టుంటారు, ప్యాకెట్ మీద చూసుకోండి, తీగకి సాలుకి సాలు మీటరు, మొక్కకి మొక్క జానెడు కావాల, కట్టెలు కూడా. మొలిచిన 10, 12 రోజుల్లో అయితే పల్చన చేయండి, పూతలో పీకితే పక్కవాటి వేర్లు కదులుతాయి కాబట్టి అప్పుడు వద్దు.

కలుపు తీయించిన నాలుగు రోజులకే పూత రాలింది

కూలోళ్లు దొరకలేదని ఆలస్యం చేస్తాం, బాధ నాకూ తెలుసు, కానీ 20 నుంచి 40 రోజుల మధ్య కలుపు ఉంటే తర్వాత ఎంత తీసినా పోయింది తిరిగిరాదు. బీన్స్ వేర్లు పైపైనే ఉంటాయి, పూతలో గుంటక తోలితే తెగుతాయి. 15, 20 రోజులకి ఒకసారి, 30, 35 కి ఇంకోసారి తీయించి మట్టి ఎగదోయండి. పూతలో ఉంటే కలుపుని కొడవలితో కోసేయండి చాలు. ఎండ 35 డిగ్రీలు దాటితే మాత్రం కలుపు లేకున్నా పూత రాలుతాది, తిరుపతి సైడు ఎండాకాలం పెట్టేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

మందు కొట్టినా తుంగ వచ్చింది

పెండిమిథాలిన్ అనే కలుపు మందు ఇత్తనం నుంచి మొలిచే కలుపుని ఆపుతాది, తుంగ గడ్డల నుంచి వస్తాది, దాన్ని ఆపదు. మల్చింగ్ షీటుని కూడా పొడుచుకుని వస్తాది. ఇత్తనం పెట్టకముందే తడిపి లేపి గడ్డలతో సహా ఏరేయాల, రెండు మూడు సార్లు. పెండిమిథాలిన్ కూడా విత్తిన ఒకటి రెండు రోజుల్లో తడి నేల మీద కొడితేనే పని చేస్తాది.

ఆకులు మెలిదిరిగి కప్పులా ముడుచుకున్నాయి

వైరస్ అనుకునే ముందు పంపు ఎవరిదో అడగండి. చెరుకులోనో మొక్కజొన్నలోనో టూ ఫోర్ డి అనే వెడల్పాకు కలుపు మందు కొట్టిన పంపుని సరిగ్గా కడగకుండా బీన్స్ లోకి తెస్తే ఇట్లాగే అయితాది. ఇట్లాంటి వెడల్పాకు కలుపు మందులకి వేరే పంపు పెట్టుకోండి. మొక్కజొన్నలో అట్రాజిన్ అనే కలుపు మందు వేసిన మడిలో వెంటనే బీన్స్ పెట్టినా దెబ్బే, ఆకు అంచులు పసుపుబారి ఎండిపోతాయి.