ఆక్సిజన్ పాఠాలు – 3వ భాగం: 21 నుంచి కిందికి, 21 నుంచి పైకి

గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతమని గత పాఠంలో చూశాం. ఆ ఒక్క అంకెతో ఈసారి రెండు లెక్కలు నేర్చుకుందాం.

మొదటిది నిల్వ డబ్బా లెక్క. ఎండు గింజల్లోని నూనె ఆక్సిజన్ తగిలి పాడు వాసన కొడుతుంది. అందుకే డబ్బాలో ఆక్సిజన్‌ని పీల్చే చిన్న పొట్లం వేస్తారు. అందులో ఉండేది ఇనుప పొడి, కొంచెం ఉప్పు. ఇనుము తుప్పు పడుతూ లోపలి ఆక్సిజన్‌ని వాడేసుకుంటుంది. గ్రాము ఇనుము పూర్తిగా తుప్పు పడితే దాదాపు 300 మి.లీ. ఆక్సిజన్ ఖర్చవుతుంది.

ఎంత పొట్లం వెయ్యాలి? డబ్బా నిండా గింజలు పోసినా మధ్యలో గాలి ఉంటుంది. అదెంతో తెలియాలంటే 200 మి.లీ. గ్లాసు నిండా అవే గింజలు పోసి, అంచు దాకా నీళ్లు పోయండి. గింజలు నానకముందే కొలిచెయ్యాలి. 80 మి.లీ. పట్టాయనుకోండి, లీటరు డబ్బాలో ఖాళీ 400 అన్నమాట. అందులో 21 శాతం అంటే 84 మి.లీ. ఆక్సిజన్. 100 అని రాసున్న పొట్లం చాలు (ఆ అంకె అది పీల్చగల ఆక్సిజన్, మి.లీ.లలో). మూత సందుల్లోంచి చొరబడే గాలిని కూడా లెక్కేసుకుని నేనైతే 200ది వేస్తాను.

వేసేముందు పొట్లాన్ని వేళ్లతో నలిపి చూడండి. పొడి పొడిగా జారితే బాగున్నట్టే. ఇటుక ముక్కలా గట్టిపడితే దాని పని అయిపోయింది. సిలికా జెల్ పొట్లం వేరు, అది పీల్చేది తేమని మాత్రమే.

తడి ఉన్న ఆహారానికి మాత్రం ఈ పద్ధతి వద్దే వద్దు. బోట్యులిజం అనే ప్రమాదకరమైన ఆహార విషబాధకి కారణమయ్యే విషాన్ని తయారుచేసే బ్యాక్టీరియా పెరిగేది ఆక్సిజన్ లేనిచోటే.

ఇక ఆస్పత్రి లెక్క. ముక్కుకి పెట్టే గొట్టంతో నిమిషానికి ఒక లీటరు ఇస్తే రోగి పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 4 శాతం పెరుగుతుంది. లెక్క తేలిక కోసం 20 నుంచి మొదలుపెడతారు: 2 లీటర్లకి 28, 6 లీటర్లకి 44. ఇది అంచనాయే. ఆయాసంతో గబగబా పీల్చేవాళ్లు బయటి గాలి ఎక్కువ లాగుతారు కాబట్టి శాతం తగ్గుతుంది.

వేలికి పెట్టే ఆక్సిమీటరులో కనిపించే శాతం ఇది కాదు, అది రక్తంలోని ఆక్సిజన్ సంగతి. సీఓపీడీ (ఊపిరి ఆడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవాళ్లకి ఆ రీడింగ్ సాధారణంగా 88–92 మధ్య ఉండేలా చూస్తారు. అంతకు మించితే కొందరి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. ఆక్సిజన్ కూడా మందే, డాక్టర్ని అడక్కుండా నాబ్ తిప్పకండి.

అభ్యాసం: 5 లీటర్ల డబ్బాలో ఖాళీ 40 శాతం ఉంటే ఆక్సిజన్ ఎంత? గొట్టంతో 4 లీటర్లు ఇస్తే ఎంత శాతం?

జవాబులు: 420 మి.లీ., 36 శాతం. వచ్చే భాగంలో ఆక్సిమీటరు రీడింగ్ ఎప్పుడు నమ్మాలో చూద్దాం.