యంత్ర రూపకల్పన, ఐదో పాఠం: కొలత పక్కన రాసే చిన్న అంకె

గత పాఠం చివర ఇచ్చిన లెక్కకు మీరు పంపిన జవాబులు చూశాక, ఈ వారం మొదలుపెట్టవలసిన గొలుసు కొలతల (ఒకదాని వెంట ఒకటిగా వరుసగా రాసే పొడవుల) సంగతిని కొంత వెనక్కు జరపక తప్పలేదు. లెక్క చిన్నదే. 25 మిల్లీమీటర్ల హెచ్7 రంధ్రంలో జి6 షాఫ్టు తిరగాలి; హెచ్7, జి6 అన్నవి ఆ కొలత ఏ హద్దుల మధ్య ఉండాలో చెప్పే గుర్తులు. వాటి మధ్య ఖాళీ ఎంత నుంచి ఎంత వరకు ఉండవచ్చు? పట్టిక ప్రకారం రంధ్రం 25.000 నుంచి 25.021 వరకు, షాఫ్టు 24.980 నుంచి 24.993 వరకు ఉంటాయి. ఎక్కువ మంది పెద్ద రంధ్రంలోంచి పెద్ద షాఫ్టును, చిన్న రంధ్రంలోంచి చిన్న షాఫ్టును తీసివేసి, 0.028, 0.020 అని రాశారు. తీసివేతలో తప్పు లేదు, జత కలపడంలోనే ఉంది. అమర్చే మనిషి ఒక డబ్బాలోంచి చేతికందిన బుష్షును (ఆ రంధ్రమున్న ముక్కను), ఇంకో డబ్బాలోంచి చేతికందిన షాఫ్టును తీసుకుంటాడే గాని, పెళ్లిచూపుల్లో ఎత్తుకు ఎత్తు చూసినట్టు వెతికి జత చేయడు. కాబట్టి అన్నిటికంటే పెద్ద రంధ్రంలో అన్నిటికంటే సన్నని షాఫ్టు పడితే 0.041, అన్నిటికంటే చిన్న రంధ్రంలో అన్నిటికంటే లావు షాఫ్టు పడితే 0.007 వస్తాయి.

జవాబు సరిచూసుకోవడానికి నేను వాడే దారి ఒకటుంది. ఎక్కువ ఖాళీలోంచి తక్కువ ఖాళీని తీసివేస్తే రెండు టాలరెన్సుల, అంటే ఒక్కో కొలతకు అనుమతించిన పెద్ద, చిన్న హద్దుల మధ్య తేడాల, మొత్తం రావాలి. ఇక్కడ 0.034; అది 0.021కి 0.013 కలిపినంత. మీ జవాబుల తేడా 0.008 మాత్రమే గనుక, అక్కడే అనుమానం రావలసింది. హెచ్, జి అక్షరాల అర్థం మొదటి సంవత్సరం డ్రాయింగు తరగతిలోనే చదివి ఉంటారు కాబట్టి దాన్ని మళ్లీ చెప్పను.

నన్ను నిజంగా విసిగించింది ఈ తీసివేత కాదు. హనుమకొండ నుంచి ఒక విద్యార్థి, కాలేజీ వర్క్‌షాపులో చేసిన షాఫ్టును వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి, 24.98 వచ్చిందనీ సరిపోయిందనీ రాశాడు. ఆ కాలిపర్ చూపగల అతి చిన్న కొలత 0.02, షాఫ్టుకు మనమిచ్చిన మొత్తం టాలరెన్సు 0.013. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు తూచే కాంటా మీద ముక్కుపుడకను తూచి, బరువు సరిగ్గా ఉందన్నట్టుంది. కొలిచే సాధనం టాలరెన్సులో పదో వంతును చూపగలగాలన్నది వర్క్‌షాపుల్లో పాటించే పద్ధతి. అంటే 13 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాదాపు ఒక మైక్రాన్ చూపే సాధనం కావాలి. 0.01 చూపే మామూలు మైక్రోమీటర్ కూడా ఇక్కడ చాలదు. స్లీవు మీద వెర్నియర్ గీతలున్న మైక్రోమీటర్ గాని, ఎక్కువ సంఖ్యలో చేసేటప్పుడు గో, నో-గో గేజీలు (ఒకటి పట్టాలి, రెండోది పట్టకూడదు) గాని వాడాలి. ఆ సాధనం మీ దగ్గర లేకపోతే జి6 అని రాసే హక్కు మీకు లేదని నా అభిప్రాయం.

సాధనం దొరికినా చిక్కు తీరదు. కొలతలన్నీ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర చెల్లేవిగా ప్రమాణాలు నిర్ణయించాయి. మే నెల రామగుండంలో లేత్ పక్కన నిలబడినవారికి ఆ అంకె హాస్యంగా తోస్తుంది. ఉక్కు ఒక్కో డిగ్రీకి దాదాపు 0.000012 వంతు పెరుగుతుంది. లేత్ మీదినుంచి అప్పుడే దించిన షాఫ్టు 60 డిగ్రీల్లో, చేతిలోని మైక్రోమీటర్ 40 డిగ్రీల్లో ఉన్నాయనుకుంటే, ఆ 20 డిగ్రీల తేడాకు 25 మిల్లీమీటర్ల మీద 6 మైక్రాన్ల తప్పు చేరుతుంది. వేడిగా ఉన్నప్పుడు 24.984 చూపి నెగ్గిన షాఫ్టు చల్లారాక 24.978కి దిగి, హద్దు దాటి, తుక్కులోకి పోతుంది. షాఫ్టూ సాధనమూ రెండూ ఉక్కువే అయి, ఒకే వేడిలో ఉంటే ఈ తప్పు చాలావరకు చెల్లిపోతుంది. అందుకే రెంటినీ సర్ఫేస్ ప్లేటు (చదునైన దిమ్మ) మీద పక్కపక్కన పెట్టి, అన్నం తిని వచ్చి కొలవడం నా అలవాటు.

ఇక గొలుసు కొలతలు. నేను వేసవి శిక్షణలో ఉన్నప్పుడు ఒక రైసు మిల్లు షాఫ్టుకు డ్రాయింగు గీసి, గొప్పగా ఉంటుందని ప్రతి పొడవుకూ 0.01 టాలరెన్సు రాశాను. దాన్ని చేయవలసిన టర్నర్ కాగితాన్ని రెండుసార్లు తిప్పి చూసి, "తమ్మీ, గీ పొడుగు గింత సన్నంగ ఎందుకు రాసినవ్? గది గాలిల ఉండేదే గదా, దేనికి తాకుతది?" అన్నాడు. డిజైన్ తరగతుల్లో ఎవరూ నన్ను అడగని ప్రశ్న అది. ఒక ముఖం మరో ముఖాన్ని తాకే చోట మాత్రమే టాలరెన్సును బిగించాలి. మిగతావాటికి, విడిగా టాలరెన్సు రాయని కొలతలకు వర్తించే ప్రమాణమైన ఐఎస్‌ఓ 2768లోని మధ్యమ తరగతి చాలు.

అయితే ఆ మధ్యమ తరగతిలోనే ఉచ్చు ఉంది. 30 నుంచి 120 మిల్లీమీటర్ల దాకా ఉన్న పొడవుకు ±0.3, ఆపైన 400 దాకా ±0.5. నాలుగు మెట్ల (లావు మారే నాలుగు భాగాల) షాఫ్టుకు ఒక్కో మెట్టు పొడవు 40 అని వరుసగా రాసి, కింద మొత్తం 160 అని కూడా రాశారనుకోండి. మెట్లన్నీ హద్దులోనే ఉన్నా మొత్తం 1.2 దాకా తప్పవచ్చు, మొత్తానికి మీరిచ్చినది 0.5 మాత్రమే. ఒకే కాగితం మీద రెండు ఆజ్ఞలు ఒకదాన్నొకటి కాదంటున్నాయి. ఒక మెట్టును రాయకుండా వదిలితే గొడవ తీరుతుంది గాని, ఆ వదిలిన మెట్టు మీద 1.4 దాకా తప్పు పోగవుతుంది. కనుక ఏ పనీ లేని మెట్టునే వదలాలి. అన్నిటినీ ఒకే అంచు నుంచి 40, 80, 120, 160 అని రాయడం నాకిష్టమైన పద్ధతి. కాని అప్పుడు రెండో మెట్టు వెడల్పు రెండు కొలతల తేడా అయి ±0.6 అవుతుందని మరవకూడదు. బేరింగ్ కూర్చునే మెట్టు అదే అయితే దాని వెడల్పును నేరుగా రాసి, మరోదాన్ని వదలండి.

అభ్యాసం ఈసారి బరువైనదే. మీకు దగ్గరలోని మోటారు రిపేరు దుకాణంలో పాత 6205 బేరింగ్ ఒకటి అడిగి తీసుకోండి. దాని లోపలి వ్యాసం 25, వెలుపలిది 52, వెడల్పు 15. లోపలి రంధ్రం హెచ్7 కాదు, మామూలు తరగతి బేరింగ్‌లో అది 24.990 నుంచి 25.000 వరకు ఉంటుంది. కె6 షాఫ్టు 25.002 నుంచి 25.015 వరకు. బిగువు (షాఫ్టు రంధ్రం కంటే ఎంత లావో) ఎంత నుంచి ఎంత వరకో లెక్కించి, నేను పైన చెప్పిన దారిలో సరిచూడండి. తరువాత ఈ బేరింగ్ కూర్చునే నాలుగు మెట్ల షాఫ్టును గీసి, ప్రతి కొలత పక్కనా దాన్ని ఏ సాధనంతో కొలుస్తారో పెన్సిలుతో రాయండి. రాయలేకపోయిన చోట టాలరెన్సును మార్చి మళ్లీ గీసి, రెండు కాగితాలనూ పంపండి.