దత్తత ప్రయాణంలో బస: ముందు అడగాల్సింది ఫంక్షన్ హాలు గురించి

భువనేశ్వర్‌లో మా పాప మాతో గడిపిన మొదటి రాత్రి, కింది అంతస్తులో పదకొండున్నర దాకా బాజాలు మోగుతూనే ఉన్నాయి. ఎవరిదో పెళ్లి విందు. ఆ ఉదయం వరకు అనాథాశ్రమంలో పదిమంది పిల్లల మధ్య చాపమీద పడుకున్న మూడేళ్ల పిల్ల, మోకాలెత్తు తెల్లటి పరుపు మీద, ముక్కూమొహం తెలియని ఇద్దరి మధ్య కూర్చుని, ఏడవకుండా తలుపు వంకే చూస్తోంది. హోటలు మంచిదే. ఈత కొలను కూడా ఉంది. న్యూజెర్సీలో కూర్చుని, ఫొటోలు చూసి, గొప్పగా నేనే ఎంచుకున్నాను. మూడో రోజున ఖాళీ చేశాం.

మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. పుట్టింది విశాఖపట్నంలోనే అయినా చేతిలో ఉన్నది అమెరికా పాస్‌పోర్టు కాబట్టి, దత్తత కాగితాలకు సంబంధించినంత వరకు మన దేశమే మనకు విదేశం. దత్తతలను చూసే కేంద్ర సంస్థ కారా ఇచ్చే నిరభ్యంతర పత్రం, 2022 సెప్టెంబరు నుంచి కోర్టుకు బదులు జిల్లా కలెక్టరు ఇస్తున్న దత్తత ఉత్తర్వు, ఆ తర్వాత జనన ధ్రువపత్రం, పాప పాస్‌పోర్టు, చివరికి ఢిల్లీలో వీసా. ఉత్తర్వు వచ్చాక మేము విమానం ఎక్కాం. రెండు వారాలు చాలన్నారు. భువనేశ్వర్‌లో పదిహేను రోజులు, ఢిల్లీలో పదకొండు రోజులు పట్టింది. అందుకే బస వెతికేటప్పుడు మొదట ఒప్పుకోవాల్సిన సంగతి, ఎన్నాళ్లుంటారో మీకు తెలియదని. డబ్బు వెనక్కి రాని పద్ధతిలో రెండు వారాలకు ఒకేసారి కట్టేయకండి. వారం లెక్కన అద్దె మాట్లాడుకుని, పొడిగింపు మీ ఇష్టం మీద ఉండేలా రాతపూర్వకంగా తీసుకోండి. వాట్సాప్ సందేశమైనా చాలు.

ఇక్కడ ఒక చిక్కుంది. గది నచ్చకపోతే మారడం మనకు సులువే, పిల్లకు కాదు. ఒక్క వారంలో ఆశ్రమం, హోటలు, ఇంకో ఇల్లు అని మూడు చోట్లకు తిప్పితే, ప్రతి మూట కట్టినప్పుడూ తనను ఎక్కడో వదిలేస్తారని అనుకుంటుంది. మా పాప ఆ తర్వాత చాలా రోజులు సూట్‌కేసు తెరిస్తే చాలు, చెప్పులు తొడుక్కుని వాకిట్లో నిలబడేది. కాబట్టి పాపను అప్పగించే రోజుకు రెండు రోజుల ముందే ఊరు చేరండి. మామూలు గదిలో దిగి, నాలుగు చోట్లు కళ్లారా చూసి, కుదిరిన దానిలో సామాను సర్దుకుని, ఆ తర్వాతే పాపను తీసుకురండి. మేము చేయనిది ఇదే.

చూడటానికి సాయంత్రం ఏడు గంటలకు వెళ్లండి, పగలు కాదు. ఫంక్షన్ హాలు ఉందా, కరెంటు పోతే జనరేటరు ఏసీని కూడా నడుపుతుందా, పైఅంతస్తులో ఎవరైనా రాత్రిళ్లు కుర్చీలు ఈడుస్తారా అన్నవి అప్పుడు తెలుస్తాయి. బాల్కనీకి గ్రిల్ ఉందా చూడండి. ఊచల మధ్య మీ పిడికిలి కాదు, పాప తల పడుతుందో లేదో అంచనా వేయండి. గీజరు నీళ్లు ఎంత వేడిగా వస్తాయో మీరే పట్టి చూడండి. ఇవన్నీ ఒక ఎత్తు, స్నానాల గదిలో బకెట్టు ఒక ఎత్తు. షవరు అంటే ఏమిటో ఎరుగని పిల్ల నెత్తిన ఒక్కసారిగా నీళ్లు పడితే ఆ రోజంతా పోయినట్టే. మాకు అలాగే పోయింది. మర్నాడు బజారుకు పోయి ఎర్ర ప్లాస్టిక్ బకెట్టు, మగ్గు కొన్నాను. మగ్గుతో తనే నా కాళ్ల మీద నీళ్లు పోసి నవ్వింది. మేము విన్న మొదటి నవ్వు అది.

మంచం సంగతి కూడా అంతే. పరుపు తీసి నేల మీద వేయడానికి ఒప్పుకుంటారా అని ముందే అడగండి. కొందరు మేనేజర్లు మనల్ని వింతగా చూస్తారు, చూడనివ్వండి.

ఇక వంటిల్లు. నన్నడిగితే వంటిల్లు లేని చోటు ఎంత చవకైనా వద్దు. ఆశ్రమంలో పాప ఏం తింటోందో, ఎన్ని గంటలకు తింటోందో ఆయాలను అడిగి రాసుకున్నాం. పొద్దున్నే పఖాళ. అన్నంలో నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టింది, పక్కన ఉప్పు, ఆళూ చకటా, అంటే మెదిపిన బంగాళదుంప. మా ఆవిడ ఆ మాట వినగానే, ‘అంటే మన చద్దన్నమే కదా’ అంది. హోటలు బఫేలో నలభై రకాలున్నా అది లేదు. భువనేశ్వర్‌లోనే నయాపల్లిలో రెండో అంతస్తులో ఒక పడకగది ఇల్లు దొరికింది. గ్యాసు పొయ్యి, కుక్కరు, చిన్న ఫ్రిజ్, వాషింగ్ మెషీను. మొదటి రాత్రి అన్నం వండి, నీళ్లు పోసి, మూత పెట్టి పడుకున్నాం. పొద్దున గిన్నె ముందు పెడితే పాప ‘భాత’ అంది. ఒడియాలో అన్నం. రెండు చేతులతో తింది. వాషింగ్ మెషీను ఉంది కదా అని తను వేసుకొచ్చిన గౌను మాత్రం వెంటనే ఉతకకండి. ఆ వాసన ఒక్కటే తనకు తెలిసింది. మా పాప గౌనును తొమ్మిదో రోజున, తను పట్టించుకోవడం మానేశాక ఉతికాం.

దూరం కొలిచేటప్పుడు గుడినీ మ్యూజియాన్నీ వదిలేయండి. పిల్లల డాక్టరు, రాత్రి పదింటికి తెరిచి ఉండే మందుల దుకాణం, ఆశ్రమం, వీటికి ఎంత దూరమన్నదే లెక్క. ఆశ్రమానికి మరీ పక్క వీధిలో కూడా వద్దు. రోజూ ఆ గేటు ముందునుంచి నడిపిస్తే పిల్లకు ఎటు పోవాలో తోచదు.

గుర్తింపు పత్రాల మాట. మన చేతిలో విదేశీ పాస్‌పోర్టు ఉంటే, బస ఇచ్చినవాళ్లు 24 గంటల్లో అధికారులకు వివరాలు పంపాలి. ఆ బాదరబందీ ఎందుకని చిన్న గెస్ట్‌హౌసులు గది ఇవ్వవు. ఒకచోట రాత్రి తొమ్మిదింటికి సామానుతో సహా మమ్మల్ని వెనక్కి పంపారు. ‘విదేశీ పాస్‌పోర్టు వాళ్లకు ఇస్తారా?’ అని ఫోనులోనే అడగండి. పాపకు కూడా కార్డు అడుగుతారు. పాస్‌పోర్టు వచ్చేదాకా కలెక్టరు ఉత్తర్వు నకళ్లు అరడజను దగ్గర ఉంచుకోండి.

అన్నిటికన్నా కష్టం చుట్టాలు. ‘మనవాళ్లుండగా హోటలేమిటి’ అన్న మాటకు జవాబు సిద్ధం చేసుకోండి. మా అమ్మ రైలెక్కితే సాయంత్రానికల్లా విశాఖ నుంచి వచ్చేయగలదు, వస్తానని పట్టుబట్టింది. ఎనిమిదో రోజున రమ్మన్నాను, అదే వీధిలో వేరే గది తీసుకున్నాను. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఢిల్లీలో మా పిన్నికి ఫోను చేసి, ‘పిన్నీ, పాపకు మేమే ఇంకా కొత్త. ఒకేసారి పది మొహాలు చూపించలేం. నువ్వు ఒక్కదానివే వచ్చి ఒక గంట కూర్చో’ అన్నాను. పులిహోర డబ్బాతో వచ్చింది, ఎత్తుకోకుండా నేల మీద కూర్చుంది, సరిగ్గా గంటకు లేచింది. ఆవిడకు రుణపడి ఉన్నాను.

ఢిల్లీ గురించి నాలుగు మాటలు చాలు. హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ ఉంది కదా అని అక్కడ గది చూసుకోకండి. పాప వీసా పని ఢిల్లీలోని రాయబార కార్యాలయంలోనే. అది చాణక్యపురిలో ఉంది, చుట్టుపక్కల హోటళ్ల ధరలు మండిపోతాయి. మేము సఫ్దర్‌జంగ్ ఎన్‌క్లేవ్‌లో వంటిల్లున్న ఫ్లాటు తీసుకున్నాం. వీసాకు కావాల్సిన వైద్యపరీక్ష రాయబార కార్యాలయం జాబితాలోని డాక్టర్ల దగ్గరే చేయించాలి. రెండేళ్లు దాటిన పిల్లలకు క్షయ పరీక్ష కూడా ఉంటుంది, ఫలితానికి కొన్ని రోజులు ఆగాలి. ఇంటర్వ్యూ అయ్యాక పాస్‌పోర్టు అక్కడే ఉండిపోతుంది, కాబట్టి ఆ రోజుల్లో బస మారే పని పెట్టుకోకండి. నవంబరులో వెళ్తుంటే గాలి శుద్ధి యంత్రం ఉందా అని అడగండి. వంట చేసే ఓపిక లేని రోజున అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీను ఉంది. గుంపు ఉంటుంది, పన్నెండు కాకముందే వెళ్లండి. మా పాప మొదటిసారి పప్పన్నం అక్కడే అడిగి పెట్టించుకుంది.

బకెట్టును ఢిల్లీ ఫ్లాటు వాచ్‌మన్‌కు ఇచ్చేశాం. మగ్గును మాత్రం పాప వదలలేదు. చేతి సంచిలో పాలడబ్బా పక్కన పెట్టుకుని విమానం ఎక్కింది.