చవితి సీజన్ ముందు ఫ్లాట్‌బెడ్ వాళ్లకు: షీటు వంపు చూడందే బెడ్ ఎక్కించొద్దు

పోయిన వారం మా వీధి చివరి షాపులో, బల్ల (బెడ్) మీద షీటు పరిచి ప్రింటు చేసే యూవీ ఫ్లాట్‌బెడ్ మిషన్‌లో, రాత్రి పదకొండు దాటాక ఇంకు చిమ్మే హెడ్ షీటుకి కొట్టుకుంది. మండపం బోర్డుల పని, 5 మి.మీ. సన్‌బోర్డు (పీవీసీ ఫోమ్ పలక), పదహారు షీట్లు. పదిహేను చక్కగా దిగాయి. పదహారోది గోడకి ఆనించిన కట్టలో అట్టడుగున నలిగిన షీటు. సగం ప్రింటయ్యాక దాని మూల లేచింది, హెడ్లను మోసే క్యారేజ్ దాని మీదికే వచ్చింది. రెండు హెడ్లు పోయాయి. ఒక్కోటి లక్ష పైమాటే. ఆపరేటర్ కుర్రాడు కొత్తవాడు కాదు, నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నాడు. ఫోన్ చేస్తే వెళ్లాను. ఆ షీటును నేల మీద పరిచి చూస్తే మూల కింద నా బొటనవేలు దూరింది. బెడ్ మీద వేసే ముందు ఎవరైనా ఒక్కసారి పరిచి చూసి ఉంటే ఆ హెడ్లు మిగిలేవి.

చవితి, దసరా, దీపావళి. వానా ఉంటుంది, పనీ ఉంటుంది, నిద్రే ఉండదు. హెడ్ తుడవడం, ఇంకు తేదీ చూడటం మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. ఇన్నేళ్లలో షాపుల్ని ముంచడం నేను చూసిన తప్పు ఒక్కటే: షీటు మందం ఒక్క చోట కొలిచి గ్యాప్ పెట్టేయడం.

హెడ్‌కీ షీటుకీ మధ్య మనం ఉంచేది 2 మి.మీ. అటూ ఇటూ. అంతకన్నా పెంచితే అక్షరం అంచు పొగ పట్టినట్టు వస్తుంది కాబట్టి పెంచలేం. అలాంటప్పుడు మూల 3 మి.మీ. లేచిందంటే ఇక హెడ్ తగలాల్సిందే. మిషన్‌లో మందం కొలిచే సెన్సర్ ఉంది కదా అంటారు. అది తను దిగిన చోట మాత్రమే కొలుస్తుంది. ఎనిమిది అడుగుల అవతల షీటు ఎలా ఉందో దానికి తెలియదు. బిల్లులో రాసిన మందాన్నీ నమ్మొద్దు. 5 అని కొన్న సన్‌బోర్డుకి వెర్నియర్ పెడితే నాలుగున్నర చూపించిన రోజులున్నాయి, ఒకే కట్టలో రెండు షీట్లు రెండు రకాలుగా చూపించిన రోజులూ ఉన్నాయి.

అందుకే ఐదు చోట్ల చూడండి. నాలుగు మూలలు, నడుమ. షీటును బెడ్‌కి లాగి పట్టే వాక్యూమ్ వేశాక చూడండి, వేయక ముందు కాదు. తిన్నగా ఉన్న అల్యూమినియం పైపు ఒకటి షీటు మీద అడ్డంగా పెట్టి, వంగి కింద నుంచి వెలుతురు చూడండి. ఎక్కడ ఎత్తుందో, ఎక్కడ పల్లముందో నిమిషంలో తెలిసిపోతుంది.

షీటు ఎందుకు వంగుతుంది?

నిలబెట్టి ఆనించడం వల్ల. సన్‌బోర్డు, పల్చటి యాక్రిలిక్, ఎండీఎఫ్ (చెక్క నార పలక), ఏదైనా గోడకి వాలిస్తే తన బరువుకి తనే వంగుతుంది. పడుకోబెట్టి పెట్టండి, కింద చెక్క పలక సమంగా ఉండాలి. రెండోది తేమ. ఎండీఎఫ్ వాన గాలికి ఉబ్బుతుంది, ముందు అంచులు ఉబ్బుతాయి. యాక్రిలిక్ కూడా తేమ పీల్చుకుంటుంది, ఒక వైపు ఎక్కువ పీలిస్తే ఆ వైపు సాగి విల్లులా అవుతుంది. గోడౌన్ నుంచి తెచ్చిన షీటును ఏసీ గదిలో ఒక రోజు ఉంచాకే ప్రింటుకి తీయండి. వేడి సంగతీ మర్చిపోవద్దు: ఎనిమిది అడుగుల యాక్రిలిక్ 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 1.7 మి.మీ. పెరుగుతుంది. ఇంకును యూవీ వెలుతురుతో గట్టిపరిచే మర్క్యురీ ల్యాంపు మిషన్లలో షీటు ప్రింటు మధ్యలోనే వేడెక్కుతుంది. మొదట చదునుగా ఉన్న మూల పదో నిమిషంలో లేచేది ఇలాగే. తెలుపు రెండు మూడు పొరలు కొడితే ఇంకు గట్టిపడుతూ ముడుచుకుని పల్చటి షీటును పైకి లాగుతుంది కూడా.

కొద్దిగా వంగిన షీటు తప్పనిసరిగా వాడాల్సి వస్తే బోర్లించిన పళ్లెంలా వేయండి, అంచులు బెడ్‌కి ఆని నడుమ ఎత్తుగా ఉండాలి. అప్పుడు వాక్యూమ్ పట్టి కిందికి లాగుతుంది. అంచులు పైకి ఉంటే గాలి పక్కల నుంచి దూరి వాక్యూమ్ పట్టదు. లాగాక కూడా పైపు కింద తేడా కనిపిస్తే ఆ షీటు పక్కన పెట్టండి. పార్టీ తొందరపెట్టినా సరే. షీటు పోతే వందలో వేలో, హెడ్ పోతే లక్షలు, సీజన్ మధ్యలో మిషన్ ఆగిన రోజులు వేరే.

ఇక మెటీరియల్. ఫ్లూట్ బోర్డు (లోపల గొట్టాల్లా బోలుగా ఉండే ప్లాస్టిక్ బోర్డు) పాలీప్రొపిలీన్, దాని మీద ఇంకు తేలిగ్గా పట్టదు. కరోనా ట్రీట్‌మెంట్ (ఇంకు పట్టేలా పైభాగానికి కరెంటు తాకించడం) చేసిన బోర్డే కొనండి, ఇంకు పట్టే గుణం చూపే డైన్ పెన్నుతో గీసి చూడండి, 38 డైన్ల కంటే తక్కువైతే వెనక్కి పంపండి. గ్లాసుకి ప్రైమర్ లేకుండా వేయొద్దు. ఏ కొత్త మెటీరియల్ అయినా చిన్న ముక్క మీద వేసి, ఒక రోజు ఆగి, బ్లేడుతో గళ్లు గీసి టేపు అతికించి లాగండి.

అద్దం, స్టీలు, మెరిసే ఏసీపీ (రెండు వైపులా అల్యూమినియం రేకు ఉన్న పలక): ల్యాంపు వెలుతురు తిరిగి హెడ్ మీద పడి నాజిల్‌లోనే ఇంకు గట్టిపడుతుంది. ల్యాంపు పవర్ తగ్గించండి.

యాక్రిలిక్ మీది ఫిల్మ్ గబుక్కున లాగొద్దు. స్టాటిక్ పుట్టి దుమ్మునీ ఇంకు తుంపరనీ లాక్కుంటుంది. నెమ్మదిగా లాగండి, స్టాటిక్ పోగొట్టే అయనైజర్ బార్ ఆన్ చేయండి.

లేజర్‌లో కోసిన యాక్రిలిక్ అంచుకి ఐపీఏ (తుడిచే ఆల్కహాల్) తగలనివ్వొద్దు. పగుళ్లు పడతాయి.

సన్‌బోర్డును లేజర్‌లో ఎప్పుడూ కోయొద్దు. అది పీవీసీ, కాలితే వచ్చే పొగ హైడ్రోజన్ క్లోరైడ్. మీ ఊపిరితిత్తులూ పోతాయి, మిషన్ లోపలి ఇనుమూ తుప్పు పడుతుంది. రూటర్‌లో (తిరిగే బిట్‌తో కోసే మిషన్) కోయండి.

12 మి.మీ. యాక్రిలిక్ ఫుల్ షీటు 42 కిలోలు దాటుతుంది. ఒక్కడు ఎత్తొద్దు.

గ్లాసు మోసేటప్పుడు చెప్పులు కాదు, బూట్లు.

ఏసీపీ కోసిన అంచున లేచిన రేకును ఆకురాయితో రుద్దేయండి. అదీ హెడ్‌ని గీరుతుంది.

వాక్యూమ్ రంధ్రాలు మూయడానికి వేసిన టేపు కొన చూడండి. లేచి ఉంటే పీకి కొత్తది వేయండి.

తడి ఇంకు చేతికి అంటనివ్వొద్దు. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. అంటితే సబ్బుతో కడగండి, థిన్నర్‌తో కాదు. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే ఈ పనే మానాల్సి వస్తుంది.

ల్యాంపు వైపు చూడొద్దు.

క్యారేజ్ పక్క, అడ్డు వస్తే ఆపే సెన్సర్ ఉందని ధైర్యం వద్దు. షీటు మధ్యలో లేస్తే అది చూసేలోపే హెడ్ తగులుతుంది.

మొదటి షీటు ప్రింటయ్యేంత సేపూ ఎమర్జెన్సీ స్టాప్ దగ్గర మనిషి ఉండాలి. ఫోన్ చూస్తూ కాదు.

రాత్రి షిఫ్టులో ఒక్కణ్నే ఉంచొద్దు.

షీటు మారితే మళ్లీ ఐదు చోట్ల చూడాలి. అదే కట్టలోదైనా, పదిహేను బాగా దిగినా, పార్టీ గుమ్మంలో నిలబడి ఉన్నా.

మీ షాపులో గోడకి ఆనించిన కట్ట ఉంటే ఈ రాత్రికే పడుకోబెట్టండి.