గాల్ బ్లాడర్ తీసేశాక కడుపును దారికి తెచ్చుకోవడం ఎలా?

గాల్ బ్లాడర్‌లో రాళ్లు పడి, ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చినవాళ్లకు మన దగ్గర రెండు రకాల సలహాలు దొరుకుతాయి. ఒకరు "ఇగ జన్మల నూనె ముట్టకు, యాటకూర మాట ఎత్తకు" అంటారు. ఇంకొకరు "రాళ్లు పోయినయ్ గదా, ఏం తిన్నా ఏం కాదు" అంటూ రెండో వారమే దావత్‌లో బగార అన్నం, మటన్ వడ్డిస్తారు. మొదటి మాట విన్నవాళ్లు ఏళ్ల తరబడి చప్పిడి తిండితో నీరసపడిపోతారు. రెండో మాట విన్నవాళ్లకు ఆ రాత్రే కడుపు ఉబ్బి నిద్ర ఉండదు. వరంగల్, హన్మకొండ, కరీంనగర్ వైపు ఇళ్లలో వండుకునే తిండినే తింటూ, కడుపును మెల్లగా అలవాటు చేసుకోవచ్చు. అది ఎలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. లోపల ఏం మారిందో ముందు తెలుసుకోండి

కొవ్వును అరిగించే పిత్తరసాన్ని తయారు చేసేది కాలేయం. రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరు దాకా చేస్తుంది. గాల్ బ్లాడర్ ఆ రసాన్ని చిక్కబరిచి దాచే చిన్న సంచి మాత్రమే. అందులో పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లు. నూనె, నెయ్యి, మాంసం ఉన్న తిండి చిన్నపేగులోకి దిగగానే ఆ సంచి ముడుచుకుని రసాన్ని ఒక్కసారిగా వదిలేది. ఇప్పుడు సంచి లేదు గానీ రసం ఉంది. అది రోజంతా కొద్దికొద్దిగా పేగులోకి జారుతూనే ఉంటుంది. చెరువు లేని ఊళ్లో వాగు పారుతున్నట్టు అన్నమాట. నీళ్లకు కొదవ లేదు, కానీ ఒకేరోజు ఊరి పొలాలన్నీ తడపాలంటే కుదరదు.

రెండు ఇబ్బందులూ ఇక్కడి నుంచే మొదలవుతాయి. ఒక్కపూటే ఎక్కువ కొవ్వు తింటే అది సరిగ్గా అరగక ఉబ్బరం, తేన్పులు, జిడ్డుగా తేలే విరేచనం వస్తాయి. రెండోది, పిత్తరసంలోని లవణాల్లో దాదాపు 95 శాతాన్ని చిన్నపేగు చివరి భాగం మళ్లీ పీల్చుకుని కాలేయానికి పంపుతుంది. అలా పీల్చుకోగలిగిన దానికంటే ఎక్కువ లవణాలు పెద్దపేగులోకి పోతే, అక్కడ అవి నీటిని లాగుతాయి. పసుపుపచ్చగా, నీళ్లగా, మంటతో, ఆపుకోలేనంత తొందరగా వచ్చే మోషన్లకు కారణం ఇదే.

ఎక్కువ మందికి ఇవి కొన్ని వారాల్లో, మహా అయితే రెండు మూడు నెలల్లో సర్దుకుంటాయి. అయితే నూటికి పది పదిహేను మందికి ఏదో ఒక ఇబ్బంది మిగిలే అవకాశం ఉందని వైద్యులు చెబుతారు. మీరు ఆ కొద్దిమందిలో ఉన్నా టెన్షన్ పడకండి. చేయగలిగింది చాలానే ఉంది.

2. మొదటి రెండు వారాలు

లాపరోస్కోపీ (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్) చేసేటప్పుడు కడుపులోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. దానివల్ల రెండు మూడు రోజులు కుడి భుజం లాగినట్టు నొప్పి ఉంటుంది. గుండె నొప్పేమోనని చాలామంది భయపడతారు. ఇంట్లోనే అటూ ఇటూ నడుస్తుంటే అది తగ్గుతుంది. నొప్పి మాత్రల వల్ల మొదటి వారం మలబద్ధకం కూడా రావచ్చు.

మెత్తటి అన్నం, పల్చటి పెసరపప్పు, ఇడ్లీ, ఆనపకాయ కూర, బీరకాయ కూర, మీగడ తీసిన పెరుగుతో చేసిన సల్ల సరిపోతాయి. కోడిగుడ్డు ఉడికించి ఇవ్వవచ్చు. మూడు పూటలా కడుపునిండా తినే బదులు అదే తిండిని ఐదుసార్లుగా పంచుకోండి. నీళ్ల బిందె, బియ్యం బస్తా లాంటి బరువులు ఎప్పుడు ఎత్తవచ్చో కుట్లు చూసే రోజున డాక్టరును అడగండి. చిన్న కోతలే కదా అని తొందరపడితే ఆ చోట హెర్నియా (లోపలి పేగు బయటికి ఉబ్బడం) వచ్చే ప్రమాదం ఉంది.

మన దగ్గర చాలామంది మరిచిపోయే పని ఒకటుంది. తీసిన గాల్ బ్లాడర్‌ను బయాప్సీకి, అంటే ల్యాబ్ పరీక్షకు పంపితే దాని రిపోర్టు వారం పది రోజులకు వస్తుంది. కుట్లు విప్పించుకుని వచ్చేస్తారు తప్ప ఆ రిపోర్టు కోసం తిరిగి వెళ్లరు. అరుదుగానే అయినా, రాళ్లున్న గాల్ బ్లాడర్‌లో క్యాన్సర్ బయటపడేది ఆ కాగితంలోనే. తప్పకుండా తెచ్చుకుని డాక్టరుకు చూపించండి.

3. నూనెను కొలవండి, రోజంతటికీ పంచండి

ఈ వ్యాసంలో ఒక్కటే పాటించగలిగితే దీన్ని పాటించండి. నూనె పూర్తిగా మానేయాల్సిన పని లేదు. కొవ్వు అసలే లేకపోతే ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టవు. ముఖ్యమైనది ఒక్క పూటలో ఎంత తింటున్నామనేది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కిలోకాలరీల రోజువారీ తిండికి నూనె, కొవ్వు కలిపి 27 గ్రాములు అని ఉంది. అంటే సుమారు ఆరు టీస్పూన్లు. ఆపరేషన్ అయిన మొదటి నెల దీంట్లో సగంతో మొదలుపెట్టి, తర్వాత వారానికి కొంచెం చొప్పున పెంచుకోండి. పెంచినప్పుడు కూడా పూటకు రెండు టీస్పూన్లు దాటనివ్వకండి. పొయ్యి దగ్గర సీసా వంచి పోసే అలవాటు ఉంటే లెక్క అస్సలు తెలియదు. పొద్దున్నే ఆ రోజుకు కావలసిన నూనెను చిన్న గిన్నెలోకి కొలిచి పెట్టుకుంటే ఇంట్లో అందరికీ మంచిదే.

కంటికి కనిపించని నూనె ఇంకా మోసం చేస్తుంది. పల్లీల్లో, నువ్వుల్లో బరువులో దాదాపు సగం నూనే. "నేను నూనె తినట్లే" అంటూ ఇడ్లీలోకి గిన్నెడు పల్లీ చట్నీ వేసుకుంటే కడుపు ఉబ్బడం ఖాయం. సద్దుల బతుకమ్మ నాటి నువ్వుల సత్తుపిండి, పల్లీల సత్తుపిండి కూడా ఇంతే. రెండు చెంచాలు నాలుక మీద వేసుకుని పండుగ చేసుకోండి, గిన్నె ముందు పెట్టుకుని కూర్చోవద్దు. మలీదలో నెయ్యి తగ్గించి బెల్లం, జొన్నరొట్టె ఎక్కువ వేసుకోవచ్చు. సర్వపిండి చేసుకుంటే పల్లీలు తగ్గించి, సొరకాయ తురుము కలిపి, గిన్నెకు పల్చగా నూనె రాసి మూతపెట్టి కాల్చండి. సంక్రాంతి సకినాలు నూనెలో మునిగి తేలినవే. భోజనం తర్వాత ఒకటి తింటే కొందరికి ఏమీ కాదు, ఖాళీ కడుపుతో టీలోకి నాలుగు తింటే మాత్రం చాలామందికి పడదు.

మాంసం విషయానికి వద్దాం. రెండో నెల నుంచి తోలు తీసిన కోడికూర, చేపల పులుసు కొద్దిగా మొదలుపెట్టండి. వేయించిన చేప వద్దు. మటన్ తినాలనిపిస్తే కొవ్వు తీయించిన ముక్కలు నాలుగైదు, మధ్యాహ్నం పూట, మెత్తగా ఉడికించి తినండి. తలకాయ, బోటి కూరల్లో కొవ్వు ఎక్కువ కాబట్టి వాటిని అన్నిటికన్నా చివరన మొదలుపెట్టండి.

కారం సంగతి మనిషిని బట్టి ఉంటుంది. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చి ఘాటు గురించి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మోషన్లలో మంట ఉన్నన్ని రోజులు ఆ ఘాటు కారం పక్కన పెట్టి, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ ఉండే చపాటా మిర్చి పొడి వాడి చూడండి. కూర ఎర్రగానే ఉంటుంది, కడుపు మండదు.

4. రెండు వారాలు రాసిపెట్టండి

ఏం తిన్నారు, ఎన్ని గంటలకు, తర్వాత ఏమైంది. ఈ మూడు రాస్తే చాలు. గుర్తుంటుందిలే అనుకుంటే నిన్నటి కూరను మొన్నటి నొప్పికి అంటగడతాం. ఒకసారి పడని పదార్థాన్ని పూర్తిగా తీసేయకుండా, మూడు వారాల తర్వాత కొంచెం తిని చూడండి. ఇలా పరీక్షించుకోకుండా ఒక్కొక్కటీ మానుకుంటూ పోతే చివరికి పళ్లెంలో సల్లన్నం తప్ప ఏమీ మిగలదు. అలా చిక్కిపోయినవాళ్లు మన ఊళ్లలో తక్కువేం లేరు.

5. మోషన్లు ఆగకపోతే

పొద్దున లేవగానే, లేదంటే తిన్న పది నిమిషాలకే పరుగెత్తాల్సి రావడం చాలామందిని కుంగదీస్తుంది. ఎవరికీ చెప్పుకోలేక బయటికి వెళ్లడమే మానేస్తారు. దీనికి సులువైన మందు పీచు. అయితే అన్ని పీచులూ ఒకటి కావు. నీళ్లు పీల్చుకుని జిగురుగా మారే పీచు ఇక్కడ పనిచేస్తుంది, ఎందుకంటే అది పిత్త లవణాలను కొంతవరకు పట్టి ఉంచుతుంది. ఇసబ్గోల్ పొట్టు, ఓట్స్, పండిన అరటిపండు ఈ రకం. ఇసబ్గోల్ ఒక టీస్పూనుతో మొదలుపెట్టి, పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగండి. మాత్రలు వేసుకునేవాళ్లు రెండు గంటల ఎడం పెట్టుకోవాలి. గోధుమ పొట్టు, పచ్చి కూరగాయల సలాడ్, జొన్నరొట్టె లాంటివి మోషన్లు సర్దుకున్నాకే పెంచండి. జొన్నరొట్టె లేనిదే ముద్ద దిగనివాళ్లు పల్చటి రొట్టె ఒక్కటి పప్పులో బాగా నానబెట్టి తినవచ్చు.

పరగడుపున టీ మానండి. అందులోని కెఫీన్ పేగులను తొందరపెడుతుంది. రెండు ఇడ్లీలో, అరటిపండో తిన్నాక తాగితే తేడా తెలుస్తుంది. పాలు తాగగానే ఉబ్బరం వస్తుంటే వారం రోజులు పాలు ఆపి చూడండి. పాలు పడకపోయినా పెరుగు, సల్ల చాలామందికి పడతాయి.

షుగర్ ఉన్నవాళ్లకు మరో మాట. మెట్‌ఫార్మిన్ మాత్రకు కూడా విరేచనాలు వస్తాయి. ఆపరేషన్‌ను తిట్టుకునే ముందు ఈ సంగతి డాక్టరుతో మాట్లాడండి. మాత్రను సొంతంగా మాత్రం ఆపకండి.

నెల దాటినా తగ్గకపోతే గ్యాస్ట్రో డాక్టరును కలవాలి. పిత్త లవణాల వల్లే అని తేలితే కొలెస్టిరమైన్ అనే పొడి రాస్తారు. అది పేగులోనే లవణాలను పట్టేసుకుంటుంది. సరిపడినవాళ్లకు కొద్ది రోజుల్లోనే తేడా కనిపిస్తుంది. ఏళ్ల తరబడి బాధపడి, ఇలాంటి మందు ఉందనే తెలియకుండా ఉండిపోవడం అన్యాయం. అందుకే పేరు చెబుతున్నాను. ఇది థైరాయిడ్ మాత్ర లాంటి ఇతర మందులను కూడా పట్టేస్తుంది కాబట్టి, వాటిని దీనికి గంట ముందో, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. మోషన్లు ఆపే మాత్రలను మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని రోజూ వేసుకోవద్దు. జ్వరం గానీ, రక్తం గానీ ఉన్నప్పుడు అవి ప్రమాదం.

6. గ్యాస్, ఛాతీలో మంట

ఆపరేషన్‌కు ముందూ ఇవే ఉండి ఉంటే, వీటికి గాల్ బ్లాడర్‌కు సంబంధం ఉండకపోవచ్చు. ఎసిడిటీ, అల్సర్, ఐబీఎస్ (పేగులు అతిగా స్పందించే సమస్య) లాంటివి రాళ్లతో పాటే ఉండి, రాళ్లు తీశాక కూడా అలాగే మిగులుతాయి. రాత్రి భోజనం ఎనిమిదికల్లా ముగించి, రెండు మూడు గంటల తర్వాత పడుకోండి. గ్యాస్ మాత్రలు నెలల తరబడి సొంతంగా వాడే బదులు ఒకసారి ఎండోస్కోపీ అవసరమా అని అడగండి. ఛాతీ బరువు, చెమటలు, ఎడమ చేయి లాగడం ఉంటే గ్యాస్ అనుకోకుండా ఈసీజీ తీయించండి.

7. దావత్, ఒక్కపొద్దు, ప్రయాణం

దావత్‌కు ఆకలితో వెళ్లకండి. ఇంట్లో కొంచెం పెరుగన్నం తిని వెళ్తే, అక్కడ చుట్టాల మాట తీసేయకుండా నాలుగు ముద్దలు తిని లేవవచ్చు. కూర తీసుకునేటప్పుడు పైన తేలే నూనె పక్కకు జరిపి ముక్కలు వేయమనండి. మందు, కల్లు మోషన్లు పూర్తిగా కుదుటపడేదాకా వద్దు. పగలంతా ఒక్కపొద్దు ఉండి రాత్రి ఒకేసారి పులిహోర, గారెలు, పాయసం తినడం ఈ కడుపుకు చాలా కష్టం. ఉపవాసం మానలేకపోతే మధ్యలో పండ్లు, సల్ల తీసుకోండి.

హైదరాబాద్ పని ఉంటే బస్సు కంటే వరంగల్ లేదా కాజీపేట నుంచి రైలు ఎక్కండి. బోగీలోనే టాయిలెట్ ఉంటుందన్న ధైర్యానికే సగం ఇబ్బంది తగ్గుతుంది.

8. ఇవి కనిపిస్తే ఆగవద్దు

ఆపరేషన్ అయిన మొదటి వారం పది రోజుల్లో కడుపు నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, కడుపు బిగుసుకుంటే, జ్వరం వస్తే పిత్తరసం లోపల కారుతోందేమో చూడాలి. అదే రోజు ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్లండి.

తర్వాత ఎప్పుడైనా, ఏళ్ల తర్వాతైనా, కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, మలం సున్నంలా తెల్లబడటం, కుడి డొక్క పైభాగంలో నొప్పి కనిపిస్తే పిత్తనాళంలో రాయి ఇరుక్కుని ఉండవచ్చు. గాల్ బ్లాడర్ లేకపోయినా నాళంలో రాయి ఉండిపోవచ్చు, కొత్తగా కూడా పుట్టవచ్చు. మన పల్లెల్లో కళ్లు పచ్చబడగానే పసరు తాగించడానికి తీసుకుపోతారు. దయచేసి ఆ పని చేయకండి. నాళానికి అడ్డుపడిన రాయిని పసరు తీయలేదు. ఈలోగా చీము పట్టి చలిజ్వరం వస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఈ రాయిని ఎమ్మార్సీపీ (పిత్తనాళాలను చూపే ఎమ్మారై) స్కాన్‌లో చూసి, ఈఆర్‌సీపీ అనే పద్ధతిలో నోటి ద్వారా గొట్టం వేసి తీస్తారు, కడుపు కోయరు. చలిజ్వరం, కామెర్లు కలిసి ఉంటే ఊళ్లో ఇంజెక్షన్ వేయించుకుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే మోషన్లు కూడా డాక్టరు చూడాల్సినవే.

వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం, బయాప్సీ రిపోర్టు, రెండు వారాల నోట్‌బుక్, వాడుతున్న మాత్రల అట్టలన్నీ ఒక కవర్లో పెట్టుకుని వెళ్లండి. "గ్యాస్ అయితాంది సార్" అని ఊరుకోకుండా రోజుకు ఎన్ని మోషన్లు, ఏ రంగు, తిన్నాక ఎంతసేపటికి, ఎన్నాళ్ల నుంచి అన్నది సిగ్గుపడకుండా చెప్పండి.