ఫేక్ అకౌంట్లు, బెదిరింపులు: పిల్లల ఫోన్ లాక్కునే ముందు చేయాల్సిన పనులు

హైస్కూలు, ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్ల కోసం రాస్తున్నాను. కూకట్‌పల్లి అయినా మలక్‌పేట అయినా గొడవ బయటపడగానే పెద్దవాళ్లు చేసే మొదటి పని ఫోన్ లాక్కోవడం. సాక్ష్యమంతా అందులోనే ఉంటుంది. పైగా ఫోన్ పోతుందన్న భయంతోనే చాలామంది పిల్లలు అసలు విషయం ఇంట్లో చెప్పరు. బెదిరించేవాడికి కావాల్సింది కూడా అదే.

సమస్య: "ఏందే, కొత్త అకౌంట్ తీసినవా? నాకు రిక్వెస్ట్ వచ్చింది" అని ఫ్రెండ్ అడిగింది

కారణం: అకౌంట్ పబ్లిక్‌గా ఉంటే ఫొటోలూ ఫాలోవర్ల లిస్టూ ఎవరైనా చూడొచ్చు. డీపీ కాపీ కొట్టి, యూజర్‌నేమ్‌లో ఒక అండర్‌స్కోరో అంకెనో కలిపి, ఆ లిస్టులో ఉన్నవాళ్లకే రిక్వెస్టులు పంపుతారు. రెండు రోజులు మామూలుగా మాట్లాడి, ఆ తర్వాత డబ్బులో ఫొటోలో అడుగుతారు.

పరిష్కారం: ఇక్కడ వరస ముఖ్యం. ముందు యూజర్‌నేమ్, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి, ప్రొఫైల్ లింకు కాపీ చేసుకోండి. ఇన్‌స్టాగ్రామ్‌లో మూడు చుక్కలు నొక్కి 'అబౌట్ దిస్ అకౌంట్' చూస్తే అది ఏ నెలలో తెరిచిందో తెలుస్తుంది. అదీ స్క్రీన్‌షాట్ తీయండి. తర్వాత, మరొకరిలా నటిస్తున్నారన్న కారణం ఎంచుకుని రిపోర్ట్ చేయండి. బ్లాక్ చేయడం చివర్లో. ముందే బ్లాక్ చేస్తే ఆ ప్రొఫైల్ మళ్లీ చూడటమే కష్టమవుతుంది. వాడితో వాదనకు దిగొద్దు. క్లాస్ గ్రూపులో "అది నేను కాదు, యాక్సెప్ట్ చేయొద్దు" అని ఒక మెసేజ్ పెట్టిస్తే సగం నష్టం ఆగిపోతుంది.

సమస్య: ముక్కూ మొహం తెలియనివాళ్ల నుంచి మెసేజ్‌లు ఆగడం లేదు

కారణం: చాలాసార్లు పుట్టిన సంవత్సరం తప్పుగా ఇచ్చి ఉంటారు. పద్దెనిమిదేళ్ల లోపువాళ్లకు ఇన్‌స్టాగ్రామ్ టీన్ అకౌంట్ ఇస్తుంది. అందులో కొత్త అకౌంట్ మొదటి నుంచే ప్రైవేట్‌గా ఉంటుంది, పిల్లలు తాము ఫాలో అవుతున్నవాళ్లూ ఇదివరకే పరిచయమున్నవాళ్లూ మాత్రమే వాళ్లకు మెసేజ్ పెట్టగలరు. పెద్ద వయసు చూపిస్తే ఈ రక్షణ వర్తించదు.

పరిష్కారం: పిల్లల పక్కన కూర్చుని పుట్టిన తేదీ సరిచేయించండి. పదహారేళ్ల లోపువాళ్లు ఈ సెట్టింగులు సడలించుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి.

సమస్య: స్కూలు, ట్యూషన్ టైము, మెట్రో స్టేషన్ అన్నీ ఎవరికో తెలిసిపోయాయి

కారణం: ఎవరూ హ్యాక్ చేయనక్కర్లేదు. పుట్టినరోజున కొత్త స్కూటీ పక్కన నిలబడి దిగిన ఒక్క ఫొటోను పెద్దది చేసి చూడండి: మెడలో ఐడీ కార్డు, బండి నంబరు, వెనక అపార్ట్‌మెంట్ పేరు, కింద అమీర్‌పేట అని లొకేషన్ ట్యాగ్. ఇందులో పెద్దవాళ్ల వంతూ ఉంది. టెన్త్ హాల్‌టికెట్‌ను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేది సాధారణంగా మనమే. ఆ నంబరుతో ఎవరైనా మార్కులు చూసేయొచ్చు.

పరిష్కారం: పాత పోస్టులు ఆర్కైవ్ చేయించండి. స్నాప్‌చాట్ మ్యాప్‌లో ఎక్కడున్నారో ఎవరికీ కనిపించకుండా ఘోస్ట్ మోడ్ పెట్టించండి. ఎక్కడికైనా వెళ్తే ఇంటికొచ్చాకే స్టోరీ పెట్టమనండి. మీరు పిల్లల ఫొటో పెట్టేముందు వాళ్లను అడగండి.

సమస్య: రాత్రిళ్లు నిద్ర లేదు, ఫోన్ మోగితే ఉలిక్కిపడటం, కారణం చెప్పకుండా డబ్బు అడగడం

కారణం: బ్లాక్‌మెయిల్ కావొచ్చు. అమ్మాయి ఫొటో డీపీగా పెట్టుకున్న అకౌంట్ నుంచి మగపిల్లలకూ ఈ వల పడుతుంది. పిల్లలు ఫొటో పంపకపోయినా మామూలు డీపీని ఏఐతో మార్ఫింగ్ చేసి బెదిరించేవాళ్లున్నారు. అందుకే "నువ్వేం పంపావు?" అని మొదలుపెట్టకండి. "తప్పు వాడిది, ఫోన్ తీసుకోను, ఇద్దరం కలిసి చూద్దాం" అనండి. ఆ మాట మీద నిలబడండి.

పరిష్కారం: డబ్బు పంపొద్దు, ఒకసారి పంపితే మళ్లీ అడుగుతాడు. చాట్ డిలీట్ చేయొద్దు. బెదిరింపులు, వాడిచ్చిన యూపీఐ ఐడీ, ఫోన్ నంబరు స్క్రీన్‌షాట్ తీయండి. అయితే అసభ్యంగా ఉన్న ఫొటోను సాక్ష్యమని ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి, బంధువులకైనా సరే. డబ్బు వెళ్లి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మహిళలు, పిల్లలపై నేరాలకు విడిగా విభాగం ఉంది. అక్కడ పేరు చెప్పకుండానూ ఫిర్యాదు చేయొచ్చు, కానీ కేసు ఎక్కడిదాకా వచ్చిందో తెలియాలంటే వివరాలు ఇవ్వడమే మంచిది. పిల్లలే స్వయంగా మాట్లాడాలనుకుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. మహిళలపై వేధింపులను చూసే పోలీసు బృందాలు షీ టీమ్స్ 2014లో మన హైదరాబాద్‌లోనే మొదలయ్యాయి, వాళ్లకూ చెప్పొచ్చు. పోలీసు సాయం, కౌన్సెలింగ్, న్యాయ సలహా ఒకేచోట కావాలంటే భరోసా కేంద్రానికి వెళ్లండి. బాధితులు పద్దెనిమిదేళ్ల లోపువాళ్లయితే పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. పిల్లల పేరు, ఫొటో బయటపెట్టడాన్ని ఆ చట్టమే నిషేధిస్తుంది. పరువు పోతుందని ఆగిపోయేవాళ్లకు ఇది తెలియాలి.

ఫొటో వ్యాపిస్తుందన్న టెన్షన్ ఉంటే 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ వాడండి. ఫొటో మీ ఫోన్ దాటి పోదు. దాని నుంచి తయారైన ఒక కోడ్ మాత్రమే వెళ్తుంది. ఆ సేవలో చేరిన కంపెనీలు దాని సాయంతో ఫొటోను గుర్తించి తీసేస్తాయి.

సమస్య: తీసేసిన ఫేక్ అకౌంట్ ఇంకో పేరుతో మళ్లీ వచ్చింది

ఇలా జరుగుతుంది, కంగారుపడకండి. పాత ఫిర్యాదు నంబరు చెప్పి, కొత్త లింకు, స్క్రీన్‌షాట్లు దానికే జత చేయమని పోలీసులను అడగండి. ఫోటోలు తీసుకున్నది పిల్లల ఫాలోవర్ల లిస్టులో ఉన్నవాళ్లే అయ్యుండొచ్చు, కాబట్టి నేరుగా పరిచయం లేని ప్రతి ఒక్కరినీ ఆ లిస్టులోంచి తీయించండి.