విటమిన్ డి, కాల్షియం, పీటీహెచ్ పరీక్షకు వెళ్లే ముందు

ఎల్లుండి మా పిన్నిని రాజాం నుంచి శ్రీకాకుళం తీసుకెళ్లి రక్త పరీక్షలు చేయించాలి. మీ ఇంట్లోనూ ఎవరైనా వెళ్తుంటే ఇవి చూసుకోండి.

– 60,000 యూనిట్ల డి విటమిన్ సాచెట్ మామూలుగా వారానికొకటి, రోజూ కాదు. చీటీ మీద రాత అర్థంకాక రోజూ పాలలో కలుపుకుని తాగుతూ పోతే కాల్షియం పెరిగిపోయి కిడ్నీల మీద పడుతుంది. మా పిన్ని నాలుగు రోజులు అలాగే తాగింది, మందుల డబ్బాలో ఖాళీ కవర్లు లెక్కపెడితే బయటపడింది.

– డి తక్కువుందనగానే సాచెట్లు మొదలెట్టేయకండి, ముందు కాల్షియం చూపించుకోండి. పీటీహెచ్ అంటే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథుల నుంచి వచ్చే, రక్తంలో కాల్షియాన్ని పెంచే హార్మోన్. కాల్షియం ఎక్కువగా ఉండి పీటీహెచ్ కూడా తగ్గకపోతే ఆ గ్రంథి మీద అనుమానం, అది డాక్టరు తేల్చాల్సిన సంగతి.

– కాల్షియం, పీటీహెచ్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష) మూడింటికీ ఒకేసారి రక్తం ఇవ్వండి, ఎందుకంటే వాటిని కలిపి చూస్తేనే అర్థం. ఉద్దానం వైపు వాళ్లు క్రియాటినిన్ అసలు వదలొద్దు, కిడ్నీ దెబ్బతిన్నా పీటీహెచ్ పెరుగుతుంది.

– జుట్టు కోసం బయోటిన్ మింగుతుంటే ల్యాబ్‌లో ముందే చెప్పి ఎన్ని రోజులు ఆపాలో అడగండి. కొన్ని మెషీన్లలో దానివల్ల పీటీహెచ్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది.

– బీపీ మాత్రల అట్ట సంచిలో వేసుకోండి. క్లోర్‌థాలిడోన్ లాంటివి కాల్షియం పెంచుతాయి, అలాగని మీ అంతట మీరు ఆపేయకండి.

– ఆ పొద్దున కాల్షియం మాత్ర రక్తం ఇచ్చాకే.